ఆ కాఫీ కప్పు వెనక

వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల సినిమా కావడం మనకి కొత్తేం కాదు. అమెరికాలోనూ ఆ ముచ్చట ఉండేది. విలియం మెక్‌గివెర్న్ రాసిన ‘ది బిగ్ హీట్’ అక్కడి ‘సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్’లో వచ్చాక, 1953లో ఫ్రిట్జ్ లాంగ్ దాన్ని సినిమాగా తీశాడు. అంతకు రెండేళ్ళ ముందే, గూండాలకీ అధికారులకీ ఉన్న చుట్టరికాల మీద సెనేటర్ కెఫావర్ కమిటీ జరిపిన విచారణని అక్కడి ఇల్లాళ్ళు టెలివిజన్‌లో కళ్ళప్పగించి చూశారు. అందుకే ఈ కథ వాళ్ళకి మరీ కట్టుకథలా అనిపించి ఉండదు.

లంచాలు మరిగిన ఓ పోలీసాయన తుపాకీతో కాల్చుకుని చనిపోతాడు. గుట్టంతా ఉత్తరంలో రాసిపెడితే, భార్య బెర్తా దాన్ని దాచేసి గూండాల పెద్ద దగ్గర డబ్బు గుంజుతూ ఉంటుంది. చనిపోయినాయన గురించి నోరు విప్పిన లూసీ అనే అమ్మాయిని చంపేస్తారు. ఆరా తీస్తున్న సార్జెంట్ బానియన్ కోసం కారులో పెట్టిన బాంబుకి అతని భార్య కేటీ బలైపోతుంది. మార్లన్ బ్రాండో అక్కగారు జోసెలిన్ వేసిందీ పాత్ర. భర్త గ్లాసులోంచే తనూ ఓ గుక్క తాగుతుందే, ఆ చిన్న సీనులోనే వాళ్ళ కాపురం మన కళ్ళకి కడుతుంది. ఆ తర్వాత బానియన్‌గా గ్లెన్ ఫోర్డ్ మొహం రాయిలా బిగుసుకుపోతుంది.

చెప్పొద్దూ, నేను మాత్రం ఈ సినిమా చూసేది గ్లోరియా గ్రాహమ్ కోసం. గూండా విన్స్ ఉంచుకున్న డెబ్బీ ఆమె. అద్దం కనిపిస్తే చాలు, ఆగిపోయే మనిషి. బానియన్‌తో మాట్లాడిందన్న కోపంతో విన్స్ సలసల కాగే కాఫీ ఆమె మొహాన కొడతాడు. లాంగ్ అది చూపించడు. పొగలు కక్కే కాఫీ పాత్ర, ఆపైన ఒక కేక, అంతే! విన్స్‌గా వేసిన లీ మార్విన్‌ని చూస్తే ఇప్పటికీ నాకు భయమే. అక్కణ్ణించి గ్రాహమ్ సగం మొహానికి కట్టుతో, మిగిలిన సగంతోనే నటిస్తుంది.

బెర్తా చనిపోతేగాని ఆ ఉత్తరం బయటికి రాదు. ఆవిడ గొంతు దాకా వెళ్ళిన బానియన్ చేతులు వెనక్కి వచ్చేస్తాయి. చివరికి ఆ పని చేసేది డెబ్బీ. విన్స్ మొహాన కాఫీ కొట్టి, వాడి తుపాకీకే ప్రాణం వదులుతుంది. ఆఖరి క్షణాల్లో అయినా బానియన్ తన కేటీ ఎలాంటిదో ఆమెకి మనసు విప్పి చెబుతాడు.

లెక్క చూసుకుంటే చనిపోయిన ఆడవాళ్ళు నలుగురు. నెత్తురంటని చేతులతో హీరో మళ్ళీ ఉద్యోగంలో చేరతాడు. 2011లో అమెరికా ప్రభుత్వం భద్రపరచదగ్గ చిత్రాల జాబితాలో దీన్ని చేర్చింది. ఆఖరి సీనులో అతను కేసు మీద బయల్దేరుతూ, కాఫీ చల్లారనివ్వొద్దని చెప్పి వెళతాడు.

మామూలు మాటే. కానీ ఆ కాఫీ ఎవరి మొహాన పడిందో తెలిసిన మనకి మాత్రం గుండె చివుక్కుమంటుంది.