ఒక్క గొట్టం చిల్లిపడితే...

సూరత్‌లోని సలాబత్‌పురా వంటి ఇరుకు పేటలో పోతున్న కారును ఊహించుకోండి. బట్టల మూటల బండి అడ్డం వచ్చింది. డ్రైవరు తొక్కిన పెడల్ అడుగు దాకా దిగింది గానీ కారు ఆగలేదు. చక్రాలకు బ్రేక్ ఆయిల్ తీసుకుపోయే సన్నని ఉక్కు గొట్టం ఒకచోట చిల్లిపడింది, అంతే!

ఒక్క గొట్టం చెడితే నాలుగు బ్రేకులూ ఎందుకు పోవాలి? మూసిన పాత్రలోని ద్రవంపై కలిగించిన పీడనం అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందని 17వ శతాబ్దంలోనే పాస్కల్ చెప్పాడు. దీన్ని కారు బ్రేకులకు వాడే పద్ధతికి 1917లో పేటెంటు పొందినవాడు మాల్కమ్ లాక్‌హీడ్. విమానాల లాక్‌హీడ్ సోదరుల్లో ఒకడు! 1921 నాటి డ్యూసెన్‌బర్గ్ కారులో నాలుగు చక్రాలకూ ఇవే బ్రేకులు. కడ్డీలు, తీగల బ్రేకుల్లా వీటిని చక్రం చక్రానికీ సరిచూసుకునే బాధ తగ్గింది. కానీ ద్రవమంతా ఒకే వలయంలో ఉండేది. ఒకచోట కారితే అన్నిచోట్లా పీడనం పడిపోయేది. మన తొలినాటి అంబాసిడర్లదీ ఇదే పద్ధతి.

పరిష్కారం చాలా తేలిక. మాస్టర్ సిలిండరులో రెండు గదులు చేసి, గొట్టాలను రెండు వలయాలుగా విడదీశారు. 1968 నుండి అమెరికా కొత్త కార్లకు దీన్ని తప్పనిసరి చేసింది. అయినా ఇంత తేలిక మార్పుకు సుమారు అర్ధ శతాబ్దం పట్టింది!

రెండు వలయాలున్నా తుప్పు ఆగదు. 2006 ఆగస్టులో తాపీ వరద సూరత్‌లో చాలా భాగాన్ని ముంచింది. అలాంటి నీటిలో నానిన కారు గొట్టాలను తప్పక పరీక్షించాలి. బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది గనుక తుప్పు లోపలి నుంచీ తినవచ్చు. గట్టిగా తొక్కినప్పుడు గొట్టంలోని పీడనం వాతావరణ పీడనానికి పదుల రెట్లు. పట్టీ చుట్టి, మాటు వేసి దాన్ని ఆపలేం. కొత్త గొట్టమే వేసి, ఆయిల్‌లో చిక్కిన గాలిని బుడగ మిగలకుండా తీసేయాలి. ద్రవం నొక్కితే దాదాపు కుంచించుకుపోదు, గాలి మాత్రం కుంచించుకుపోతుంది.