కోయంబత్తూరు మోటారూ గిటారు పికప్పూ

ఎలక్ట్రిక్ గిటారుకు పికప్ మార్చాలంటే ముందు అమెరికా బ్రాండ్ల పేర్లు వల్లె వేయాలన్న నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. ఎంత ఖరీదైన పికప్ విప్పినా లోపల ఉండేది అయస్కాంతం, దాని చుట్టూ ఎనామిల్ పూసిన సన్నని రాగి తీగ. ఎన్ని చుట్లు, ఏ గేజి, ఏ అయస్కాంతం అన్న లెక్కే అక్కడ అసలు సంగతి. ఆ లెక్క కోయంబత్తూరు తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు. నాయకరాజుల కాలంలో ఆ నల్లరేగడి నేలకు చేరి పత్తి పండించిన కుటుంబాల్లో కొన్ని తర్వాత మిల్లులు పెట్టాయి. 1930లలో పైకారా జలవిద్యుత్తు అందగానే పంపుల వైపు, మోటార్ల వైపు మళ్ళాయి. 1937లో డి. బాలసుందరం నాయుడు, జి.డి. నాయుడు కలిసి దేశంలోనే తొలి మోటార్లలో ఒకటి అక్కడ తయారుచేశారు. 1941లో జి.డి. నాయుడు అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే ఇవ్వగలనని ప్రకటించాడు. కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో గిటారు పట్టిన కుర్రాడికి ఈ చరిత్రలో పనికొచ్చే పాఠం ఒకటుంది.

నీళ్ళ మోటారుకూ గిటారుకూ ఏం సంబంధం అని ఎవరైనా అడగవచ్చు. సూత్రం ఒకటే: మోటారులో కరెంటు కదలికవుతుంది, పికప్‌లో ఉక్కు తీగ కదలిక కరెంటవుతుంది. చేతిపని మాత్రం వేరే, అది ఒప్పుకోవాల్సిందే. పికప్‌కు సాధారణంగా వాడే 42 గేజి తీగ మందం మిల్లీమీటరులో పదహారో వంతు. మోటారు చుట్టే బిగువుతో లాగితే పుటుక్కున తెగుతుంది. కాబట్టి మోటారు మెకానిక్కు గిటారు ఇచ్చి రమ్మనడం నా ఉద్దేశం కాదు. అతని పద్ధతి చూడమంటున్నాను. కాలిన మోటారు వస్తే మంచి వైండర్ ముందు పాత చుట్లు లెక్కపెడతాడు, తీగ గేజి కొలుస్తాడు, ఆ తర్వాతే కొత్తది చుడతాడు. పికప్ కొనేవాళ్ళలో చాలామంది చేయనిది సరిగ్గా ఇదే. పాతది ఎంతో తెలియకుండా కొత్తది కొంటారు.

చుట్లు పెంచితే శబ్దం పెరుగుతుంది, కానీ పైస్థాయి మెరుపు తగ్గుతుంది. స్ట్రాటోకాస్టర్ తరహా సింగిల్ కాయిల్‌లో ఎనిమిది వేల చుట్ల దాకా ఉంటాయి, నిరోధం 6 వేల ఓములకు అటూఇటూ. దానికి కరెంటు గుయ్‌మనే రొద తప్పదు. 1955లో గిబ్సన్ సంస్థలో సెత్ లవర్ రెండు కాయిళ్ళను ఎదురెదురు దిశల్లో కలిపి ఆ రొదను అణచాడు. 1972 ప్రాంతంలో డిమార్జియో ‘సూపర్ డిస్టార్షన్’ పికప్ ప్రత్యేకంగా పాతదాని స్థానంలో మార్చుకోవడానికే మార్కెట్లోకి వచ్చింది. ఆంప్లిఫయర్‌ను గట్టిగా అరిపించాలన్న ఆనాటి రాక్ అవసరమే దాని పుట్టుకకు కారణం. ఆ అవసరం లేనివాడు దాన్ని బిగించుకుంటే మందకొడిగా ఉన్న గిటారు మరింత మొద్దుబారుతుంది.

సంగీతానికి చెవి చాలు, ఓములెందుకు అనేవాళ్ళూ ఉన్నారు. చెవి ఏం కావాలో చెబుతుంది. అది దొరికే దారి మాత్రం లెక్క చెబుతుంది. దీనికి పాలకొల్లు మాండలిన్ విద్వాంసుడు యు. శ్రీనివాస్ కంటే మంచి ఉదాహరణ లేదు. మాండలిన్‌లో జంట తీగలతో గమకం పలకదని ఒంటి తీగలకు వచ్చి, ఎలక్ట్రిక్ మాండలిన్‌కు అయిదు తీగలు పెట్టుకున్నాడు. ఒంటి తీగ నాదం త్వరగా ఆరిపోతుంది, దాన్ని నిలబెట్టడానికి పికప్ అక్కరకొచ్చింది. ముందు సంగీతం, తర్వాతే సరంజామా. బ్రాండ్ మోజులో ఈ వరస తలకిందులవుతోంది.

అందుకని కొనేముందు పాత పికప్‌కు మల్టీమీటరు పెట్టి ఓములు రాసుకోండి. రొద వస్తుంటే ముందు ఎర్త్ తీగ చూడండి. పికప్‌కూ తీగలకూ మధ్య ఎడం స్క్రూ తిప్పి మార్చి వినండి. ఆ తర్వాతా లోటు మిగిలితే, ఆ లోటేమిటో ఒక్క వాక్యంలో చెప్పగలిగినప్పుడే డబ్బు పెట్టండి.