తొట్టి కంపెనీది, పెట్టె మనది

ఎద్దు వీపు మీది పెరిక నుంచి మినీ ట్రక్కు వెనక పెట్టె దాకా రెండు వందల ఏళ్ల ప్రయాణం

అనంతపురం నుంచి గుత్తి వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారి మీద, గార్లదిన్నె దగ్గర కాసేపు నిలబడండి. వచ్చేపోయే చిన్న బండ్ల తొట్లలో ఇనుప పెట్టెలో, చెక్క పెట్టెలో కనిపిస్తాయి. షోరూములో బండితోపాటు వచ్చినవి కావవి. యజమాని కొలతలు చెప్పి, వెల్డింగ్ షాపులోనో వడ్రంగి దగ్గరో కట్టించుకున్నవి. బండిని చూస్తే కంపెనీ పేరు తెలుస్తుంది. పెట్టె మూత ఎత్తితే ఆ మనిషి ఏం చేసి బతుకుతున్నాడో తెలుస్తుంది. మోటారు బండ్లు రాకముందు నుంచే మన రోడ్ల మీద ఉన్న అలవాటిది.

ఎద్దు వీపే తొట్టి

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురంలో మకాం పెట్టి 1807 దాకా పాలించాడు. బండి నడిచే బాటలు అప్పట్లో తక్కువ. ఉప్పు, ధాన్యం, పత్తి ఎక్కువగా ఎద్దుల వీపు మీదే ఊళ్లు దాటేవి. పెరికవాళ్లు, లంబాడీలు గుంపులుగా ఎద్దులను తోలుకుపోయేవారు. టిప్పు సుల్తాను మీదికి శ్రీరంగపట్నం వెళ్లిన కంపెనీ సైన్యాలకు తిండిగింజలు మోసిందీ ఈ లంబాడీల ఎద్దులే.

వాళ్లు వాడింది ఎద్దుకు రెండు పక్కలా వేలాడే జోడు గోనె, అదే పెరిక. ఒక వైపు బరువెక్కితే ఎద్దు వీపు పుండు పడుతుంది, నడక తప్పుతుంది. అందుకే సరుకు తూకం రెండు వైపులా సరిపోవాలి. మినీ ట్రక్కులో పెట్టె బిగించే మెకానిక్కు ఇప్పటికీ మొదట చూసుకునేది అదే.

బండి కింద జోలె

రోడ్లు పడ్డాక ఎద్దుల బండ్లు పెరిగాయి. 1890ల తొలినాళ్లలో గుంతకల్లు నుంచి బెంగళూరు వైపు రైలు మార్గం వచ్చింది. స్టేషన్ దాకా సరుకు చేర్చే పని బండ్లకే పడింది. వడ్రంగి ఇచ్చేది నొగలు, ఇరుసు, చక్రాలు, పైన పలకలు. మిగతా అమరికంతా రైతు సొంతం. ఎరువు తోలడానికి కందికంపతో జల్ల అల్లించి బండి మీద పెట్టేవాడు. అడుగున గోనెపట్టాతో జోలె కట్టి, ఎద్దులకు మేత, తాళ్లు, కొడవలి అందులో వేసేవాడు. పక్కన వెదురు గొట్టం వేలాడేది. అందులో ఆముదం, గడ్డి కాల్చిన మసి కలిపిన కందెన. ఇరుసు కిర్రుమంటే దారిలోనే బండి ఆపి, చక్రం లాగి, పుల్లతో పూసుకునేవాళ్లు.

ఇలాంటి జోలే సముద్రాల అవతల, మరో మెట్టసీమలోనూ కనిపిస్తుంది. 1866లో టెక్సాస్‌లో చార్లెస్ గుడ్‌నైట్ అనే పశువుల వ్యాపారి వేల పశువులను దూరాలకు తోలే కూలీలకు వండిపెట్టడానికి పాత సైనిక బండి ఒకటి కొన్నాడు. దాని వెనక అరలు, సొరుగులు ఉన్న చెక్క పెట్టె బిగించాడు. మూత కిందికి దించి, కాలు ఆనిస్తే అదే వంటవాడి బల్ల. అలాంటి బండ్ల అడుగున ఆవు తోలు జోలెలా కట్టి, అందులో వంటచెరుకు, ఎండిన పేడ వేసుకునేవారు. పొయ్యి రాజేసే పుల్ల దొరకని నేల మీద ఎవరైనా చేసే పనే అది.

ఛాసిస్ మీద ఇల్లు

1954 నుంచి టాటా–మెర్సిడెస్ బెంజ్ లారీలు, ఆ వెంటనే అశోక్ లేలాండ్‌వి మన రోడ్లెక్కాయి. కంపెనీ చాలా కాలం అమ్మింది ఉత్త ఛాసిస్‌నే. డ్రైవరు ఎండలో, గాలిలో కూర్చుని దాన్ని విజయవాడ ఆటోనగర్‌కో, నామక్కల్, తిరుచెంగోడులకో తోలుకుపోతే అక్కడ వడ్రంగులు, కమ్మర్లు కలిసి క్యాబిన్, తొట్టి కట్టేవారు. తొట్టి పక్కన కింద ఒక టూల్ బాక్సు తప్పనిసరి. జాకీ, చక్రం పానా, గొలుసులు అందులో ఉండేవి. మరో పెట్టెలో స్టవ్వు, బియ్యం, గిన్నెలు.

బోరు బండి పెట్టె

2005లో టాటా ఏస్ రావడంతో ముప్పావు టన్ను మోసే నాలుగు చక్రాల బండి చిన్న రైతుకూ అందింది. ప్రభుత్వమూ ఈ తరహా బండ్లనే నమ్ముకుంది. 2021 జనవరిలో ఇంటింటికీ రేషన్ ఇవ్వడానికి రాష్ట్రమంతటా 9,260 వాహనాలను తూకం యంత్రంతో సహా అమర్చి దించింది. ఆ పథకం 2025లో ఆగిపోయింది.

అనంతపురం మెట్టలో ఈ బండికి ఎక్కువ పని చెప్పేది బోర్లే. బోరులో మోటారు కాలితే పైకి తీయాలి. చైన్ కప్పి, పైపు క్లాంపులు, పానాలు, మూడు తీగల కేబులు, టేపు, మీటరు వెంట ఉండాలి. తొట్టిలో ఊరికే పడేస్తే కేబులు చిక్కుపడుతుంది, క్లాంపులు దాన్ని కోసేస్తాయి. కాబట్టి బరువైన ఇనుము అడుగు అరలో క్యాబిన్ వైపు, కేబులు చుట్ట పై అరలో, మీటరు మూతకు దగ్గరగా పెట్టేలా పెట్టె కడతారు. బరువంతా వెనక ఇరుసు దాటి పడితే ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగు పట్టు తప్పుతుంది.

ఏ సరుకుతో కట్టాలి? రెండు మిల్లీమీటర్ల ఇనుప రేకు 8 అడుగులకు 4 అడుగులైతే 46 కిలోల పైమాటే. అదే కొలతలో 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ సుమారు సగం తూగుతుంది. ముప్పావు టన్ను బండికి ఆ తేడా చిన్నది కాదు. నీటికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు ఐఎస్ 710 గుర్తు ఉంటుంది. మూలలకు ఇనుప యాంగిల్, మూత అంచుకు దుమ్ము ఆపే రబ్బరు, నీళ్లు నిలవకుండా అడుగున రెండు చిల్లులు ఉంటే చాలు.

ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు చెప్పిన ప్రాథమిక వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. పెట్టెను తొట్టికి వెల్డింగ్ చేస్తే ఫిట్‌నెస్ పరీక్షలో చిక్కు రావచ్చు. అందుకే తెలిసినవాళ్లు బోల్టులతోనే బిగిస్తారు. చీనీ (బత్తాయి) కోతలప్పుడు నాలుగు బోల్టులు విప్పి దించేస్తే తొట్టంతా కాయలకు ఖాళీ. బండి అమ్మేసిన రోజు కూడా అంతే, పెట్టె మాత్రం ఇంటికే వస్తుంది.