ఉద్యానకర్తృత్వము – ఉద్యానపరిష్కరణము: న్యూయార్కు సెంట్రల్ పార్కు చరిత్ర

దండి కావ్యాదర్శమున మహాకావ్యమునకు విధించిన వర్ణనములలో ఉద్యానక్రీడ యొకటి. మన ప్రబంధకవులు ఆ మర్యాదను శ్రద్ధతో పాటించిరి. మావులు, పొన్నలు, గొజ్జగులు, పొదరిండ్లు, కేళాకూళులు వారి పద్యములలో విరివిగా కానవచ్చును. అయితే ఆ తోటను వేసినవాడెవడు అను ప్రశ్న ఆ కావ్యములలో పుట్టుట మిక్కిలి అరుదు. తోట రాజుదో నాయికదో యగును. చెట్టు తనంతట తానే తగినచోట మొలచినట్లుండును. దేవాలయమును కట్టిన శిల్పి పేరు అప్పుడప్పుడైనను శాసనములయందు కానవచ్చునుగాని తోటను కూర్చినవాని పేరు అంతగా కానరాదు. హైదరాబాదున బషీర్‌బాగు, బాగ్‌లింగంపల్లి మున్నగు పేర్లలో తోట యను మాట మిగిలినది. కొన్నింట వేయించిన ప్రభువు పేరును మిగిలినది. వేసినవాని పేరు మాత్రము వినరాదు.

ఈ మౌనము మనదేశమునకే పరిమితమైనది కాదు. ఉద్యానరచన యొక్క స్వభావముననే దానికి హేతువున్నది. ఆంగ్లమున లాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ అని పిలువబడు కళకు మన భాషలో స్థిరపడిన పేరు లేదు. ఈ వ్యాసమున దానిని ఉద్యానవాస్తువని వ్యవహరించుచున్నాను. నేలయొక్క ఎత్తుపల్లములను, నీటిని, బాటలను, వృక్షములను ఒక సంకల్పమునకు లోబరచి కూర్చుట దాని పని. అట్లు కూర్చబడిన స్థలమును రక్షించుట యనగా నేమి? చెట్లను నరకకుండుటయా? లేక మరియొకటియా? ఈ ప్రశ్నకు న్యూయార్కు నగరమందలి సెంట్రల్ పార్కు చరిత్ర విశదమైన సమాధానము నిచ్చుచున్నది. ప్రాచీనగ్రంథములను పరిష్కరించు మనకు ఆ సమాధానము పరిచితమైన భాషలోనే యున్నదని నా యభిప్రాయము.

1. రచన

న్యూయార్కు రాష్ట్రశాసనసభ 1853లో ఈ స్థలమును సేకరించుటకు అనుమతి నిచ్చెను. 1857లో నియమితులైన అధికారులు ఉద్యానప్రణాళికలకై పోటీ నేర్పరచిరి. వచ్చిన 33 ప్రణాళికలలో 1858 ఏప్రిలునందు ప్రథమస్థానమును పొందినది ‘గ్రీన్‌స్వార్డు’ అను పేరుగలది. దాని కర్తలు ఇరువురు: ఫ్రెడరిక్ లా ఓంస్టెడ్ (1822–1903), కాల్వర్ట్ వాక్స్ (1824–1895).

ఓంస్టెడ్ అంతకు పూర్వము వ్యవసాయము చేసెను. బానిసవ్యవస్థ నెలకొనియున్న దక్షిణరాష్ట్రములందు సంచరించి తాను చూచినదానిని వ్రాసెను. 1850లో ఇంగ్లండునకు పోయి లివర్‌పూల్ సమీపమున బర్కెన్‌హెడ్ పార్కును చూచెను. సామాన్యజనులకై ప్రజాధనముతో ఏర్పడిన ఆ తోట ఆయన మనస్సున నాటుకొనెను. వాక్స్ లండనునందు జన్మించి వాస్తువిద్య నభ్యసించి 1850లో అమెరికాకు వచ్చినవాడు. పోటీలో పాల్గొనుటకు ఓంస్టెడును ప్రేరేపించినవాడు వాక్సే.

పోటీనిబంధనలలో, ఉద్యానమును అడ్డముగా దాటు రహదారులు నాలుగైన నుండవలెనని యుండెను. వీరు ఆ రహదారులను నేలమట్టమునకు సుమారు 8 అడుగులు దిగువను త్రవ్వించిరి. నగరపు బండ్లు క్రిందినుండి పోవుచుండును. పైన నడచువానికి పచ్చికబయలు తెగినట్లే తోపదు. మోటారుబండ్లు లేని కాలమున చేసిన ఈ కల్పన నేటి రద్దీకిని చాలియున్నది. లోపలి బాటలలోను పాదచారులకు, గుఱ్ఱపురౌతులకు, బండ్లకు వేర్వేరు మార్గములను కల్పించి, అవి కలియుచోట వంతెనలను నిర్మించిరి.

ఈనాడు అచ్చటి సరస్సును చూచువారు దానిని ప్రకృతిసిద్ధమని భావింతురు. అది పూర్వము బురదనేల. బండలను తుపాకిమందుతో పగులగొట్టించి, మురుగునీటికి మట్టిగొట్టములను పూడ్పించి, సారవంతమైన మట్టిని వెలుపలినుండి తెప్పించి లక్షలకొలది మొక్కలను నాటించిరి. 843 ఎకరముల ఆ ఉద్యానమున కర్త సంకల్పము సోకని తావు స్వల్పము. అయినను ఆ సంకల్పము కంటబడకుండుటయే కర్త కోరిన సిద్ధి.

చిక్కు ఇచ్చటనే యున్నది. రచన యెంత సఫలమైన అంత అదృశ్యమగును. అదృశ్యమైనదానికి కర్త యున్నాడని యెవరికిని తోపదు. కర్త లేడనుకొన్నప్పుడు ఆ స్థలము ఖాళీస్థలముగా కనబడును. 1892లో ఉద్యానము పడమటి యంచున గుఱ్ఱపుబండ్ల వేగపుబాట వేయుటకు శాసనమే యయ్యెను. ప్రజలు తీవ్రముగా నిరసించుటచే కొలదివారములలోనే అది రద్దయ్యెను. శాసనమును తెచ్చినవారు తాము ఒక కృతిని చెరుపుచున్నామని యెంచియుండరు. నేల నుపయోగించుచున్నామనియే యెంచియుందురు.

2. కర్తలు

ఉద్యానమునకు కర్త కలడని యొప్పుకొన్న పిదప, ఆ కర్త యెవడను విచారణ కలుగును. లోకమున ఓంస్టెడ్ పేరొకటియే ప్రసిద్ధి కెక్కినది. కాని ప్రణాళిక యిరువురిది. వంతెనల యలంకరణమున జేకబ్ రే మోల్డ్ అను వాస్తుశిల్పి పాలుగొనెను. ఏ మొక్క యెచ్చట నుండవలెనను వివరమును ఇగ్నాజ్ పిలాట్ అను ఆస్ట్రియా దేశీయుడైన ఉద్యానశాస్త్రజ్ఞుడు నడపెను. జంటకవుల కృతిలో ఒకని పేరు మరుగుపడుట మనకు తెలియని సంగతి కాదు. వాక్స్ 1895లో నీటమునిగి మరణించెను. ఓంస్టెడ్ జ్ఞాపకశక్తి నశించి తుదిదినములు మెక్‌లీన్ మానసికవైద్యశాలలో గడపి 1903లో మరణించెను. ఆ వైద్యశాల స్థలనిర్ణయమున ఒకప్పుడు సలహా యిచ్చినవాడు ఆయనయే. వారసత్వమును కాపాడువాని మొదటి కర్తవ్యము ఒక మహాపురుషుని నిలబెట్టుట కాదు; కృతిలో ఎవరిచేయి యెంతవరకు గలదో న్యాయముగా నిర్ణయించుట.

3. చెరిపిన పత్రము

ప్రాచీనకాలమున తోలుపత్రముపై నున్న పూర్వలేఖనమును గీకివేసి క్రొత్తగ్రంథమును వ్రాయు అలవాటు ఐరోపాలో నుండెను. సెంట్రల్ పార్కు అట్టి పత్రమే. దాని పడమటి భాగమున 1825 మొదలు సెనెకా విలేజ్ అను గ్రామముండెను. 1855 నాటికి అందు సుమారు 225 మంది నివసించుచుండిరి. వారిలో మూడింట రెండువంతులు నల్లజాతివారు. మిగిలినవారిలో పెక్కురు ఐరిష్‌వారు. మూడు చర్చీలు, ఒక పాఠశాల యుండెను. ఆనాటి న్యూయార్కు రాష్ట్రమున నల్లజాతి పురుషునకు 250 డాలర్ల విలువగల స్థిరాస్తి యున్నగాని వోటుహక్కు లేదు. కావున అచ్చటి నేల వారికి గృహమే కాక పౌరత్వమునకును ఆధారము. 1857లో ప్రభుత్వము మూల్యమునిచ్చి యా నేలను స్వాధీనపరచుకొనెను. గ్రామము నేలమట్ట మయ్యెను. పార్కు స్థలమంతటినుండి తొలగింపబడినవారు సుమారు 1600 మంది.

ఇంచుమించు నూటయేబది సంవత్సరములు ఆ గ్రామమును తలచినవారు స్వల్పము. 2011లో పురాతత్త్వజ్ఞులు త్రవ్వకములు జరిపి గృహపు పునాదులను, గృహోపకరణములను వెలికి తీసిరి. 2019లో ఆ తావున చరిత్రను దెలుపు ఫలకములు వెలసెను. ఉద్యానసౌందర్యమును మెచ్చుకొనుటకును ఈ చరిత్రను చెప్పుటకును విరోధము లేదు. పైలేఖనమును మాత్రమే ముద్రించి, క్రిందిలేఖనమును ప్రస్తావింపని పరిష్కర్త తన పనిలో సగమే చేసినవాడగును.

4. ప్రక్షిప్తములు, శైథిల్యము

కర్తలనంతరము ఉద్యానమున అనేక పాఠాంతరములు చేరినవి. ప్రణాళిక వేయునాటికే మధ్యభాగమున నగరమునకు నీరందించు చతురస్రపు జలాశయ ముండెను. కర్తలు దానిని విధిలేక అంగీకరించి దానిచుట్టు బాటలు నడిపిరి. 1930 తరువాత ఆ జలాశయము నెండగట్టి పూడ్చిరి. 1937 నాటికి ఆ స్థానమున ‘గ్రేట్ లాన్’ అను విశాలమైన పచ్చికబయలు ఏర్పడెను. 1934 మొదలు 1960 వరకు నగర ఉద్యానాధికారిగా నున్న రాబర్ట్ మోజెస్ బాలుర క్రీడాస్థలములను పెక్కింటిని చేర్చెను. ‘షీప్ మెడో’ అను బయలున మేయుచుండిన గొఱ్ఱెలమందను 1934లో తరలించెను.

అటుపై వచ్చినది శైథిల్యము. 1970 దశాబ్దమున నగరపు ఆర్థికస్థితి దిగజారగా తోటకు కావలసిన ధనమును, మనుష్యులును కొరవడిరి. పచ్చికబయళ్లు దుమ్ముపట్టినవి, వంతెనలు, కట్టడములు పాడైనవి. గమనింపదగిన విషయమేమనగా, ఆ సెంట్రల్ పార్కు 1963లోనే జాతీయ చారిత్రకస్థలముగ ప్రకటింపబడినది. 1974లో నగరపు రక్షితస్థలముగను గుర్తింపబడినది. ప్రకటన యుండియు పతనము జరిగినది. రాతికట్టడమునకు ముట్టుకొనకుండుట కొంతవరకు రక్షణ కావచ్చును. తోటకు మాత్రము ముట్టుకొనకుండుటయే వినాశనము.

1980లో సెంట్రల్ పార్కు కన్జర్వెన్సీ యను సంస్థ యేర్పడెను. పౌరుల విరాళములును నగరప్రభుత్వపు అధికారమును కలిసి పనిచేయు పద్ధతి నది నెలకొల్పెను. మొదట తోటయంతటిని పరిశీలించి, నేల, నీరు, వృక్షములు, కట్టడముల స్థితిని నమోదుచేసి, అటుపిమ్మట భాగములవారీగా పునరుద్ధరణకు పూనిరి. ఈ పద్ధతిపై ఆక్షేపణయు కలదు: ధనవంతుల ఇండ్లనడుమ నున్న తోటకు విరాళములు వచ్చును, పేదపేటల తోటలకు రావు. ఈ యాక్షేపణమున సత్యము లేకపోలేదు.

5. మూలప్రతులు

పునరుద్ధరణ సాధ్యమగుటకు ముఖ్యకారణము కాగితములు. సెంట్రల్ పార్కు మూలపటములు అనేకము న్యూయార్కు నగరపు దస్తావేజులలో నిలిచియున్నవి. ఓంస్టెడ్ 1883లో మసాచుసెట్స్ రాష్ట్రమందలి బ్రూక్‌లైనున ‘ఫెయిర్‌స్టెడ్’ అను గృహమున తన కార్యాలయమును నెలకొల్పెను. ఆయన తరువాత కుమారు లిరువురు దానిని నడపిరి. ఆ గృహము 1979లో జాతీయ చారిత్రకస్థలముగా నిర్ణయింపబడెను. లక్షకు పైబడిన పటములు, చిత్రణములు అచ్చట భద్రపరుపబడినవి. ఆయన లేఖలును వ్రాతలును కాంగ్రెసు గ్రంథాలయమున నున్నవి. వానిని పరిష్కరించి ప్రకటించు గ్రంథమాలలో ప్రథమసంపుటము 1977లో వెలువడెను. ఒకచోట కాగితములను పరిష్కరించుట, వేరొకచోట నేలను పరిష్కరించుట ఇంచుమించు ఒకేకాలమున జరుగుట కేవలము కాకతాళీయము కాదు. మూలము లేనిదే పరిష్కరణము లేదు.

6. సామ్యమునకు హద్దు

అయితే ఉద్యానమునకును గ్రంథమునకును గల సామ్యము ఒకచోట ఆగును. అంతర్జాతీయ స్మారకస్థల సంస్థ పక్షమున 1981లో ఫ్లారెన్సు నగరమున రచింపబడి మరుసటియేడు అంగీకృతమైన నియమావళి, చారిత్రకోద్యానమును సజీవస్మారకమని నిర్వచించినది. దాని ద్రవ్యము ప్రధానముగా వృక్షసంబంధి. కావున నశించునది, మరల పుట్టునది. పార్కునందలి ‘మాల్’ అను విశాలమార్గమునకు ఇరువైపుల అమెరికా ఎల్మువృక్షముల వరుసలున్నవి. ఒక వృక్షము తెగులుచే పోయినచోట వేరొక ఎల్మును నాటినచో వరుస నిలుచును. అక్షరము మారినను పాఠము మారదు. చెట్టుకాదు, చెట్ల నడుమనున్న సంబంధమే రచన. తాళపత్రమునకు ప్రతి వ్రాయుట వంటిదే యిది. కాని ఇచ్చట ప్రతి నొకసారి వ్రాసి ముగించుటకు వీలులేదు. ప్రతితరమును మరల వ్రాయవలెను.

ప్రక్షిప్తములనన్నింటిని తొలగింపవలెనను నియమమును ఇచ్చట చెల్లదు. గ్రేట్ లాన్ మూలప్రణాళికలో లేదు. ఐనను దానిని త్రవ్వి పాతజలాశయమును మరల కట్టుమని వాదించిన, అది కర్తల సంకల్పమునకే విరుద్ధమగును. జలాశయము వారు కోరినది కాదుగదా. క్రీడాస్థలములను వదలుకొనుటకు బిడ్డలతల్లులు సమ్మతింపరు. తోట జనులకై పుట్టినది. జనులు దానికిచ్చిన పాఠములలో కొన్ని మూలసంకల్పమునకు వ్యాఖ్యానములు. వ్యాఖ్యానమేది, విరూపమేది యని వివేచించుటయే పరిష్కర్త పాండిత్యము.

7. మన కర్తవ్యము

గోల్కొండ సమీపమున కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణమున 2013లో ఆరంభమై 2024లో ముగిసిన పునరుద్ధరణ, కట్టడములతో పాటు మెట్లబావులను కూడ బాగుచేసినది. ఆ బావులకు 2022లో యునెస్కో పురస్కారము లభించెను. తోటకు నీరే ప్రాణమని గుర్తించిన కృషి యది. కాని మనకు గ్రీన్‌స్వార్డు వంటి మూలపటము గల తోటలు కొలదియే. కావున ఇతరసాక్ష్యములనుండి పాఠమును కూర్చుకొనవలెను: శాసనములందలి తోటలదానములు, కైఫీయతులందలి చెరువుల, తోపుల వివరములు, ప్రబంధవర్ణనలందలి వృక్షక్రమము, స్థలనామములు. ఇవి తెలుగు పరిశోధకులు చదువగల యాధారములు. వాస్తుశిల్పులు ఒంటరిగా చదువలేనివి.

ఉద్యానవర్ణనమును ఇంతవరకు మనము అలంకారశాస్త్రదృష్టితోనే చదివితిమి. కవిసమయమును వేరుచేసి చూచినచో అందు ఆనాటి తోటల నిజస్వరూపము కొంతయైనను తేలవచ్చును. పరిశోధకవిద్యార్థు లెవరైన ఈ దిశను పూనుకొనిన, తోటలను వేసిన యజ్ఞాతకర్తల ఋణమును కొంతవరకు తీర్చినవారగుదురు. పేర్లు దొరకకపోవచ్చును. వారి సంకల్పము దొరకినను, ఉన్నతోటలను ఖాళీస్థలములని పిలువకుండుటకు అది చాలును.