ఋతుశూల – నాడీ విద్యుత్ ప్రేరణ: సైబరాబాదు సందర్భంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: ఋతుశూలను విద్యుత్ ప్రేరణతో ఉపశమింపజేసే విధానం వైద్యచరిత్రలో ఎలా రూపొందిందో, హైదరాబాదు ఐటీ ప్రాంతపు శ్రమసంస్కృతిలో దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: ఋతుశూల, టెన్స్, నొప్పి చరిత్ర, సైబరాబాదు, ఋతుసెలవు.

1. ఉపోద్ఘాతం

చరకసంహిత చికిత్సాస్థానం ఇరవై యోనివ్యాపత్తులను పేర్కొన్నది. వాటిలో ‘ఉదావర్తిని’ లక్షణం బాధతో కూడిన రజఃప్రవృత్తి. స్రావం వెలువడగానే ఉపశమనం. శాస్త్రం ఇలా నొప్పికి పేరు పెట్టగా, వాడుకభాషలోని ‘ముట్టు’, ‘మైల’, ‘బయట చేరడం’ వంటి మాటలు స్పర్శనూ దూరాన్నీ సూచించాయే తప్ప నొప్పిని కాదు. నొప్పికి మిగిలింది ‘కడుపునొప్పి’ అనే సామాన్యపదం. దానికి వాము కషాయం, వేడినీళ్ళ కాపడం.

2. హైదరాబాదులో నొప్పి పరిశోధన

నొప్పి నివారణ పరిశోధన హైదరాబాదుకు కొత్త కాదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆదరణలో, రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పూనికతో 1888, 1889లలో రెండు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. రెండవదానికి లండన్ నుండి లాడర్ బ్రంటన్ వచ్చాడు. మత్తువైద్యంలో తొలితరం మహిళగా గుర్తింపు పొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఈ నగర వైద్యపాఠశాల విద్యార్థిని. అయితే ఆ కమిషన్ల విచారణ శస్త్రచికిత్సలో వాడే మత్తుమందు భద్రతకు సంబంధించినది. నెలనెలా వచ్చే నొప్పి ఇంటి గడప దాటి పరిశోధనాంశం కాలేదు.

3. విద్యుత్ ప్రేరణ: సిద్ధాంతం, ఆధారాలు

క్రీ.శ. ఒకటవ శతాబ్దంలోనే రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్ తలనొప్పికి విద్యుత్ చేపను సూచించాడు. ఆధునిక సిద్ధాంతాన్ని 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ‘ద్వార నియంత్రణ’ పేరుతో ప్రతిపాదించారు. స్పర్శను మోసే లావుపాటి నాడీతంతువులు ఉత్తేజితమైనపుడు వెన్నుపాములో నొప్పి సంకేతాలకు దారి కొంత మూసుకుంటుందని దీని సారాంశం. ‘టెన్స్’ యంత్రం పొత్తికడుపు మీద లేదా నడుము మీద అతికించిన ఎలక్ట్రోడ్ల ద్వారా చేసే పని ఇదే.

ప్రోస్టాగ్లాండిన్ల వల్ల గర్భాశయ కండరాలు బలంగా సంకోచించడం ఋతుశూలకు ప్రధాన కారణం. ఆస్పిరిన్ వంటి మందులు వాటి ఉత్పత్తిని అడ్డుకుంటాయని 1971లో జాన్ వేన్ నిరూపించాడు. అంటే మాత్ర కారణం మీద పనిచేస్తుంది, యంత్రం ప్రధానంగా నొప్పి సంకేతం మీద పనిచేస్తుంది. అధిక పౌనఃపున్య టెన్స్ ఉపయోగకరమని 2002 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది. 2024 నాటి నవీకరణ ప్రయోజనం ఉండవచ్చంటూనే ఆధారాల నిశ్చయత తక్కువని పేర్కొన్నది. ఎండోమెట్రియోసిస్ వంటి వ్యాధి వల్ల కలిగే నొప్పిని యంత్రంతో అణచుకుంటూ పోతే రోగనిర్ధారణ ఆలస్యం కావచ్చు. పేస్‌మేకర్ ఉన్నవారు వైద్యసలహా లేకుండా దీన్ని వాడరాదు.

4. సైబరాబాదు: శ్రమ, శరీరం

1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభంతో మాదాపూర్ రూపం మారింది. గచ్చిబౌలి, కొండాపూర్, రాయదుర్గం వరకు విస్తరించిన ఈ ప్రాంతంలో విదేశీ గడియారానికి అనుగుణంగా నడిచే షిఫ్టులు స్త్రీల జీవితంలో భాగమయ్యాయి. ఇంట్లో ‘బయట’ కూర్చోబెట్టిన ఆచారం ఇక్కడ లేదు. కానీ నొప్పిని బయటపెట్టకూడదన్న కట్టుబాటు మరో రూపంలో కొనసాగే అవకాశం ఉంది. దుస్తుల కింద ఇమిడే చిన్న యంత్రం ఈ సందిగ్ధానికి ప్రతీక: అది కుర్చీలో కూర్చోగల స్వేచ్ఛను ఇస్తుంది, కుర్చీ వదలకూడదన్న అంచనాకూ తోడ్పడగలదు.

బిహార్ 1992లోనే ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు నెలకు రెండు రోజుల సెలవు ఇచ్చింది. నిర్బంధ సెలవు వల్ల యజమానులు స్త్రీలను ఉద్యోగాలలోకి తీసుకోకపోవచ్చని 2024 జూలైలో సుప్రీంకోర్టు ఆందోళన వ్యక్తపరచి, నమూనా విధానాన్ని పరిశీలించమని కేంద్రానికి సూచించింది. 2025లో కర్ణాటక మంత్రివర్గం ఏడాదికి పన్నెండు రోజుల వేతన సెలవును ఆమోదించింది.

5. ముగింపు

క్లోరోఫాం చరిత్రలో నొప్పి నివారణ ప్రభుత్వం పూనుకొన్న ప్రజావిషయం. టెన్స్ యంత్రం విషయంలో అది ఎవరికి వారు కొనుక్కొనే వ్యక్తిగత సాధనంగా మారింది. యంత్రం సెలవుకు ప్రత్యామ్నాయం కాదు, సెలవు చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు. ఆ రెంటిలో ఏది కావాలో ఎంచుకొనే అధికారం నొప్పి పడే స్త్రీకి ఉన్నప్పుడే ఈ సాంకేతికత ఉపశమనమవుతుంది. లేనప్పుడు మౌనానికి కొత్త పరికరమవుతుంది.