తూటా లేని తుపాకి

మా ఇంట్లో కుట్టుమిషను కొన్నప్పుడు దానితోబాటు చిన్న రేకు పెట్టె ఒకటి ఇచ్చారు. మూత తీసి చూస్తే కళ్లు చెదిరాయి. అంచు మడిచే పాదం, కుచ్చులు పెట్టే పాదం, జిప్పు కుట్టే పాదం, ఇంకా పేర్లు తెలియనివి అరడజను. ఇన్నేళ్లలో వాటిలో రెండింటికి మించి వాడిన పాపాన పోలేదు. మరి మిషను ఆగిపోయిందెప్పుడంటారా? పండగ ముందురోజు రాత్రి సూది విరిగినప్పుడు, బాబిన్‌లో దారం అయిపోయినప్పుడు, నూనె వెయ్యడం మరిచిపోయినప్పుడు. ఆ పెట్టెలో ఉన్న ముచ్చటైన వస్తువేదీ అప్పుడు అక్కరకు రాలేదు.

పిస్తోలు సంగతీ ఇంతేనట. "వంటింట్లో ఉండేవాళ్లకి పిస్తోలుతో ఏం పనమ్మా" అనకండి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం చూడ్డానికి వెళ్లినప్పుడు ఆయుధాల గది దగ్గర ఆగని ఆడవాళ్లెవరు? దంతపు పిడులు, బంగారు తీగె పొదిగిన పనితనం చూస్తే అవి ఆయుధాలో, నగలో తెలియదు. కానీ పిడికి ఎంత బంగారం పొదిగినా గురి వెంట్రుకవాసి కూడా బాగుపడదు కదా!

పాతకాలపు ఇంగ్లీషు పిస్తోళ్లు పెట్టెల్లో అమ్మేవారు. లోపల మెత్తటి బట్ట పరిచి, మన పోపులపెట్టెలాగా అరలు చేసేవారు. ఒక అరలో మందు పోసుకునే కుప్పె, ఒక అరలో సీసం కరిగించి గుండ్లు పోసే అచ్చు, ఇంకోదాన్లో నిప్పురవ్వ రాల్చే చెకుముకి రాళ్లు, మందు కూరే కడ్డీ, గొట్టం తుడిచే బ్రష్షు. అంటే పిస్తోలు కొన్నవాడు నిజానికి కొన్నది ఒక సంసారం! వాటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ పిస్తోలు రోకలిబండ కన్నా కనాకష్టం.

అన్నీ ఉన్నా వాన పడితే మందు తడిసి మొరాయించేది. స్కాట్లండులో ఫోర్సైత్ అని ఒక మతబోధకుడికి బాతుల వేట సరదా. చెకుముకి రవ్వ మెరవగానే బాతులు ఎగిరిపోతున్నాయని విసిగి, దెబ్బ తగిలితే పేలే మందుతో తుపాకి పేల్చే పద్ధతి కనిపెట్టి 1807లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఆ దారినే తర్వాత రాగి టోపీలు వచ్చాయి, ఆ పైన మందూ గుండూ టోపీ అన్నీ ఒకే గొట్టంలో ఇమిడిన తూటా వచ్చింది. తుపాకికి చేసిన హంగులన్నిటిలోకీ పెద్ద హంగు ఇదే. ఇప్పటి పిస్తోళ్లకి దీపాలు, ఎర్రచుక్క చూపించే గురి అద్దాలు ఎన్నో వచ్చాయి. అయినా తెలిసినవాళ్లు ముందు చెప్పేవి మంచి తూటా, మంచి ఒర, శుభ్రం చేసే నూనె, చెయ్యి తిరిగే సాధన. తక్కినవన్నీ ఆ తర్వాతే.

తూటా చిన్నదని తీసిపారెయ్యకండి. 1857లో సిపాయిలు తిరగబడ్డ కారణాలు ఎన్ని ఉన్నా, నిప్పు అంటించింది మాత్రం ఎన్‌ఫీల్డ్ తుపాకికి వాడే తూటా కాగితమే. దాన్ని పళ్లతో కొరకాలి, దానికి ఆవుకొవ్వో పందికొవ్వో పూశారన్న మాట దావానలంలా పాకింది. తుపాకి కొత్తదే, మంచిదే. దాని తోడుకు వచ్చిన కాగితప్పొట్లం ఒక సామ్రాజ్యాన్ని వణికించింది.

ఇక మన గోదావరి సీమకి వద్దాం. 1878లో తెల్లదొరలు ఆయుధాల చట్టం తెచ్చారు. లైసెన్సు లేకుండా మనవాడి ఇంట్లో తుపాకి ఉండడం నేరమైంది. ఆ మరుసటేడే, 1879లో, కల్లు మీద పన్నూ పోలీసుల జులుమూ భరించలేక రంప కొండల్లో తిరుగుబాటు లేచింది. కొండవాళ్ల చేతిలో ఉన్నవి చాలామట్టుకు నాటు తుపాకులు. వత్తికి నిప్పంటించుకోవాలి, గొట్టంలో మందు పొయ్యాలి, గుండు వెయ్యాలి, కడ్డీతో కూరాలి. ఒకసారి పేలిస్తే మళ్లీ మొదటికే. ఆషాఢం వానల్లో ఆ వత్తి గతి ఏమిటో, తడికట్టెలతో పొయ్యి రాజేసిన మనకి వేరే చెప్పక్కర్లేదు.

సరిగ్గా ఈ సంగతి తెలిసినవాడు అల్లూరి సీతారామరాజు. 1897లో పాండ్రంగిలో పుట్టినా ఆయనవాళ్లది భీమవరం దగ్గర మోగల్లు. ఫొటోగ్రాఫరైన తండ్రి 1908 పుష్కరాలనాడు రాజమండ్రిలో కలరా సోకి పోయారు. తహసీల్దారుగా ఉన్న పినతండ్రి అండన నరసాపురం తదితర ఊళ్లలో చదువు సాగింది. అడవి చట్టాలతో పోడు పోయి, రోడ్డు పనిలో కూలి దక్కక ఉడికిపోతున్న గూడేల మధ్య ఆయన నిలబడ్డప్పుడు బలగానికి కొదవ లేదు. బాణాలున్నాయి, బల్లాలున్నాయి. లేనిది తూటా తుపాకి. డబ్బు పెడితే దొరికేది కాదు. దొరికే చోటు ఒక్కటే, పోలీసు స్టేషను.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు స్టేషన్లు. చింతపల్లిలో పట్టుకెళ్లినవి 11 తుపాకులు, 1390 తూటాలు, 14 బాయొనెట్లు, 5 కత్తులు. ఈ లెక్క ఎలా తెలిసిందంటే, రాజుగారే స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టారు కనుక! చేబదులు తెచ్చుకున్న పంచదార క్యాలెండరు మీద రాసుకునే ఇల్లాలికి ఉన్నంత నికార్సు అన్నమాట. కృష్ణదేవిపేటలో 7, రాజవొమ్మంగిలో 8 తుపాకులు దొరికాయి. అక్కడ ఖైదులో ఉన్న వీరయ్యదొరనూ విడిపించారు. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, 2500 పైచిలుకు తూటాలు. ఆ పట్టీ చూడండి. తుపాకి, దాని తిండి, తిండి అయిపోతే పొడిచేందుకు బాయొనెట్. అక్కర్లేనిది ఒక్కటి లేదు.

సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరలు నేలకొరిగారు. దాంతో సర్కారుకి తెలివి వచ్చింది. కొండల్లో మనిషిని పట్టుకోవడం కష్టం, తూటాని పట్టుకోవడం తేలిక! అక్టోబరు 15న అడ్డతీగలకీ, 19న రంపచోడవరానికీ రాజుగారు వచ్చేసరికి ఆయుధాలు దాచేసి ఉన్నాయి. వస్తున్నానని ముందే కబురంపడం ఆయన పద్ధతి. బాణానికి మిరపకాయలు కట్టి పంపేవారని, దాన్నే మిరపకాయ టపా అనేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ దర్జాకి జనం చేతులెత్తి మొక్కారు, నిజమే. కానీ ఖరీదు కూడా ఉంది. ముందే తెలిసిన పోలీసులు చేసిన పనల్లా తూటాలు దాచుకోవడమే.

డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం వరిచేల దగ్గర సైన్యం లూయీ తుపాకి దింపింది. దాని నెత్తిమీద పళ్లెంలాంటి గుండ్రటి డబ్బా ఉంటుంది, అందులో 47 తూటాలు. నిమిషానికి 500కి పైగా పేల్చగలదు. మనం ఇంట్లో చిల్లర లెక్క వేసినట్టు ఒకసారి లెక్క వేసి చూడండి. మూడు స్టేషన్లు కొట్టి, ప్రాణాలొడ్డి తెచ్చుకున్న 2500 తూటాలు ఆ యంత్రానికి అయిదు నిమిషాల భోజనం! ఆ ఒక్కరోజే రాజుగారి మనుషులు పదిమందికి పైగా పోయారు. కొన్ని తుపాకులూ చేజారాయి.

ఆ తర్వాత నాలుగు నెలలు ఎక్కడా అలికిడి లేదు. 1923 ఏప్రిల్ 17న ఆయన అన్నవరంలో కనిపించారు. స్టేషనులో ఎదురు నిలిచినవాడు లేడు, తీసుకుపోవడానికి ఆయుధమూ లేదు. ఊరి జనం మాత్రం బ్రహ్మరథం పట్టారు. తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. చేతిలో తుపాకి ఉంది, కాళ్లకి మొక్కే జనం ఉన్నారు, కొత్తగా తూటాలు మాత్రం దొరకలేదు.

అయినా మరో ఏడాదికి పైగా ఆయన్ని పట్టుకోలేకపోయారంటే కారణం తుపాకి కాదు. చీకట్లో దారి చూపినవాళ్లు, తమ గంజిలోనే ఓ ముంత తీసి పెట్టిన గూడెం ఆడవాళ్లు. వాళ్ల పేర్లు ఏ స్టేషను పుస్తకంలోనూ లేవు. సర్కారు చివరికి అదీ కనిపెట్టింది. రాజుగారి తలకి పదివేలు వెలకట్టింది. 1924 ఏప్రిల్లో రూథర్‌ఫర్డ్‌ని ప్రత్యేకాధికారిగా దింపింది. అన్నం పెట్టారన్న అనుమానం చాలు, గూడేల మీద విరుచుకుపడ్డారు. స్టేషన్లలో తూటాలు ముందే దాచేశారు, ఇప్పుడు అన్నం పెట్టే చేతులకీ సంకెళ్లు పడ్డాయి. తన మూలంగా జనం పడే బాధ చూడలేకే రాజుగారు బయటపడ్డారని చెప్పేవాళ్లున్నారు. 1924 మే 7న ఆయన్ని కాల్చి చంపారు. అప్పటికి ఇరవయ్యేడో ఏడు నిండలేదు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది, ఏడు తుపాకులు దొరికిన ఆ ఊళ్లోనే.

మొన్న మా అమ్మాయి కొత్త కుట్టుమిషను కొంటానని క్యాటలాగు తెచ్చి చూపించింది. ఎంబ్రాయిడరీ పాదం, కాజాలు కుట్టే పాదం, ఏవేవో హంగులు. "అవన్నీ తర్వాత చూద్దాం గానీ, ముందు ఓ డజను సూదులూ నూనెసీసా కొనుక్కోవే" అన్నాను. "నీకు అన్నీ చాదస్తమే అమ్మా" అంటూ నవ్వింది. నాకేమో రాజుగారు రాసి సంతకం పెట్టిన ఆ పట్టీ గుర్తొచ్చింది. అందులో పదకొండు తుపాకుల పక్కన తూటాలెన్నో కూడా ఒక్కటి పొల్లుపోకుండా ఉంది.