గ్రాఫ్‌లోంచి మాయమైన నోడు

మిస్టరీ నవలలకి ఓ పాత ఫార్ములా ఉంది కదండీ. ఊరికి దూరంగా ముళ్ళకంచె వేసుకున్న ఓ ఆశ్రమం, లోపల పెదవి విప్పని మనుషులు, అటువైపు వెళ్ళి తిరిగిరాని ఓ బాటసారి. చివరి పేజీలో గుట్టు బయటపడుతుంది. దక్షిణ చిలీలో ఇదే కథ నిజంగా జరిగింది. చివరి పేజీ ఒక్కటే లేదు.

పాల్ షేఫర్ అనే జర్మన్ మతబోధకుడు, పిల్లలపై లైంగిక దాడుల ఆరోపణలతో స్వదేశం నుంచి పారిపోయొచ్చి, 1961లో పర్రాల్ ఊరి దగ్గర కొలోనియా డిగ్నిదాద్ పెట్టాడు. పేరుకి అర్థం 'గౌరవ కాలనీ'! లోపల భార్యాభర్తల్ని విడదీశాడు, పిల్లల్ని తల్లిదండ్రులకి దూరంగా పెంచాడు. బయటివాళ్ళకి మాత్రం పేదలకి ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి కనిపించేది. 1973లో పినోచెట్ ప్రభుత్వాన్ని కూలదోసి గద్దెనెక్కాక, అతని రహస్య పోలీసులు ఖైదీల్ని హింసించడానికి ఈ కాలనీని వాడుకున్నారు. అలా లోపలికెళ్ళిన చాలామంది మళ్ళీ కనబడలేదు.

ఇక బాటసారి సంగతి. బోరిస్ వైస్‌ఫైలర్, మాస్కోలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ గణిత ప్రొఫెసర్. 1985 జనవరిలో ఒంటరిగా ట్రెక్కింగ్ చేస్తూ ఆ కాలనీకి దగ్గర్లోనే మాయమయ్యాడు. నదిలో మునిగిపోయాడన్నారు అధికారులు. శవం దొరకలేదు. 2000లో అమెరికా బయటపెట్టిన పత్రాల్లో, సైనికులే ఆయన్ని పట్టుకుని కాలనీకి అప్పగించారని ఒకరు చెప్పిన మాట ఉంది. 2012లో 8 మంది మాజీ సైనిక, పోలీసు అధికారుల అరెస్టుకి ఆదేశాలొచ్చాయి. 2016లో జడ్జిగారు కాలపరిమితి దాటిపోయిందని తేల్చేశారు.

పేరు ఎక్కడో విన్నట్టుందా? గ్రాఫ్ న్యూరల్ నెట్‌వర్కుల పేపర్లలో మాటిమాటికీ కనిపించే వైస్‌ఫైలర్-లేమన్ టెస్టు, 1968లో ఆండ్రీ లేమన్‌తో కలిసి ఈయన ఇచ్చిందే. అందులో ఏ నోడుకైనా గుర్తింపు దాని ఇరుగుపొరుగుని బట్టే వస్తుంది.

షేఫర్ తెంపింది కూడా సరిగ్గా ఆ లింకుల్నే. భార్యకి భర్త, బిడ్డకి తల్లి కాకుండా పోయాక, ఫలానా మనిషి ఏమయ్యాడని అడిగేదెవరు? బయట అడగాల్సిన సర్కారేమో లోపలివాళ్ళతో కలిసిపోయింది. వైస్‌ఫైలర్ కేసు అన్నేళ్ళు బతికిందంటే, ఆయన సోదరి అడగడం మానలేదు కాబట్టే.

షేఫర్ 2005లో అర్జెంటీనాలో దొరికి, 2010లో చిలీ జైల్లో చచ్చాడు. కాలనీ పేరు మార్చి టూరిస్టులకి హోటల్ తెరిచారు. కంచె ఎంత ఎత్తుందన్నది అసలు ప్రశ్న కాదు. లోపలున్నవాళ్ళ గురించి అడిగే హక్కు బయట ఎవరికైనా మిగిలిందా అన్నదే అసలు ప్రశ్న.